అనుమతి తీగ

మా కేంద్రంలోని యంత్రం మీద వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు, అది పనిచేస్తోందని.

నవ్వకండి. పదకొండేళ్ళు కాంట్రాక్టు టెక్నీషియన్‌గా ఉన్నవాణ్ణి. ఆఫీసుల్లో పనిచేయని యంత్రాలు ఎన్ని చూశానో నాకే గుర్తులేదు. హాయిగా దుప్పటి కప్పుకుని ఓ మూల ఉంటాయి, ఏడాదికోసారి ఆయుధపూజకి బొట్టు పెట్టించుకుంటాయి. వాటి మీద ఎవరూ ఎప్పుడూ ఒక్క కాగితం ముక్క రాసిన పాపాన పోలేదు. కదిలిన దాని మీదే కాగితం వచ్చింది.

నా పేరు గురవయ్య. మాది జిల్లా కృత్రిమ అవయవాల కేంద్రం. పెద్దాసుపత్రి వెనకాల, సైకిల్ స్టాండు పక్కన రెండు గదులు. కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళు చేసివ్వడం మా పని. కాలు చేయాలంటే ముందు తెగిపోగా మిగిలిన కాలి కొలతకి సరిపోయే మూస చెక్కాలి, తర్వాత ఆ మూస మీద ప్లాస్టిక్ తొడుగు పోయాలి. తొడుగు పోయడానికి యాకోబు ఉన్నాడు. మూస చెక్కే మేస్త్రీ రిటైరై రెండేళ్ళయింది, ఆ ఖాళీ ఎవరూ నింపలేదు. చివరికి ఎవరో కంపెనీవాళ్ళు దయతలచి ఒక సి.ఎన్.సి. యంత్రం, అంటే కంప్యూటర్‌లో కొలత ఇస్తే దానంతటదే చెక్కేది, దానం చేశారు. దానం చేశారంటే, నాలుగు అట్టపెట్టెల్లో ముక్కలు పంపారు. బిగించవలసిన మనిషి ఫోనెత్తలేదు. నేనే బిగించాను.

మీకు విసుగు పుట్టకుండా రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. కంట్రోలర్ బోర్డు ఆ యంత్రానికి బుర్ర. ఎటు వెళ్ళాలో, ఎంత వెళ్ళాలో అది చెబుతుంది. కానీ దాని గొంతు సన్నం, ఆ గొంతుకి మోటారు కదలదు. అందుకని మధ్యలో డ్రైవర్ అని అరచేతంత డబ్బా ఉంటుంది. బోర్డు మాట విని, మోటారుకి కావలసినంత కరెంటు అది ఇస్తుంది. మోటార్లు మూడు, డ్రైవర్లు మూడు. బోర్డు నుంచి ఒక్కో డ్రైవర్‌కి ముఖ్యంగా రెండు తీగలు పోవాలి. మొదటిది "అడుగు వెయ్యి" అంటుంది. అలా అన్న ప్రతిసారీ మోటారు వెంట్రుకవాసి తిరుగుతుంది. రెండోది "ఇటా, అటా" అన్నది చెబుతుంది. మూడో తీగకి కూడా డ్రైవర్ మీద చోటుంది. దాని పేరు ఎనేబుల్. మాకొచ్చిన డ్రైవర్లలో ఆ చోటు ఖాళీగా ఉంటే మోటారు పనిచేస్తుంది. అక్కడ కరెంటు ఇస్తే మోటారు పట్టు వదిలేస్తుంది. ఎప్పుడైనా చేత్తో తిప్పుకోవలసి వస్తే తప్ప దాంతో పనిలేదు. ఖాళీగా వదిలేయవచ్చని డ్రైవర్‌తో వచ్చిన కాగితంలోనే ఉంది. మా ఊళ్ళో ఇలాంటి యంత్రాలతో తలుపులు చెక్కే దుకాణాలన్నిట్లో అలాగే వదిలేస్తారు. నేనూ వదిలేశాను.

యంత్రం లేచింది. వారంలో ఏడు మూసలు చెక్కింది. ఏడుగురు మనుషులు మా గుమ్మం నుంచి రెండు కాళ్ళ మీద బయటికి నడిచారు. మా సూపరింటెండెంట్ వసుంధరాదేవిగారు ఏడో మనిషి వెళ్ళేటప్పుడు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, దాచుకోవడం దేనికి.

ఎనిమిదో పేరు నాంచారమ్మది. నలభై అయిదేళ్ళుంటాయి. ఊళ్ళో బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. సంక్రాంతి ముందు లారీ కింద పడి కుడికాలు మోకాలి కింద పోయింది. అప్పటినుంచి ఆమె బదులు తోడికోడలు వండుతోంది. బడి తెరిచే రోజు, అంటే జూన్ పన్నెండున, పొయ్యి దగ్గర ఆమే నిలబడాలి. లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని హెడ్‌మాస్టరు చెప్పేశాడు.

"ఆయన్ననేదేం లేదు తమ్ముడూ," అంది నాంచారమ్మ కొలత ఇచ్చిన రోజు. "అయిదు నెల్లు ఆపాడు. ఇంకెవరాపుతారు? నాకు కాలొస్తే చాలు. నూటిరవై మంది పిల్లలకి వండేదాన్ని, ఒంటికాలు మీద గంజి ఒంపలేను కదా."

"మంగళవారం రా అక్కా, మూస అయిపోతుంది," అన్నాను. అది మే నెల మూడో వారం. సోమవారం నాడు మా ఖర్మ కొద్దీ భద్రతా పక్షం మొదలైంది.

పై ఆఫీసువాళ్ళకి ఆ ఏడాది భద్రత మీద గొప్ప ప్రేమ పుట్టింది. "అనుమతి లేనిదే అడుగు లేదు" అని నినాదం తయారు చేసి బ్యానర్ల మీద, టీ కప్పుల మీద, చివరికి మరుగుదొడ్డి తలుపుల మీద కూడా అచ్చు వేయించారు. మా ఊడ్చే అప్పలనరసమ్మ చీపురు పట్టుకునే ముందు చీటీ తీసుకోవాలి. చీటీ ఇచ్చే గుమస్తా పదకొండింటికి వస్తాడు. అందుకని ఆ పదిహేను రోజులూ మా వరండాలో అందరం చెత్త మీద నుంచి జాగ్రత్తగా, భద్రంగా నడిచాం.

ఆ సోమవారం ఉదయం తనిఖీకి సంయుక్త అధికారి పినాకపాణిగారు వచ్చారు. చొక్కా జేబుకి నినాదం బిళ్ళ, చేతిలో నల్ల ఫైలు. యంత్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, కంట్రోల్ డబ్బా మూత తీయించి, డ్రైవర్ల మీద అక్షరాలు కళ్ళద్దాలు పైకెత్తి చదివారు.

"ఈ మూడో స్థానం దేనికి ఉద్దేశించబడినది?"

"ఎనేబుల్ అండి. అంటే, అనుమతి లాంటిది."

"అందులో తీగ లేదేం?"

"లేకపోతేనే పనిచేస్తుందండి."

ఆయన కళ్ళద్దాలు దించారు. అంత సంతోషం ఆ మొహంలో నేను మళ్ళీ చూడలేదు. "అనగా ఈ యంత్రం అనుమతి లేకుండా పనిచేయుచున్నది," అన్నారు, ఒక్కో మాటా విడదీసి. "ఎంతకాలంగా?"

"వారమండి. ఏడు కాళ్ళు చేశామండి."

"ఏడు అనధికార కాళ్ళు," అని ఫైల్లో రాసుకున్నారు.

సాయంత్రానికల్లా మెమో వచ్చింది. ఇరవై నాలుగు గంటల్లో మూడు డ్రైవర్లకూ అనుమతి తీగ అమర్చి, అనుమతి మంజూరు చేసి, ఫొటోతో సహా నివేదించవలెను. వసుంధరాదేవిగారు మెమో నా చేతిలో పెట్టి, "అమర్చేయండి గురవయ్యగారూ, మనకెందుకు గొడవ," అన్నారు. ఆమె మంచి మనిషి. భయం ఎక్కువ.

మర్నాడు తీగలు అమర్చాను. చివర్లకి రాగి తొడుగులు వేసి, నొక్కి, పేర్లు చీటీలు అంటించి, ఎక్కడా వంక పెట్టలేనంత చక్కగా చేశాను. స్విచ్ వేసి అనుమతి మంజూరు చేశాను. మూడు మోటార్లూ ఒక్కసారే చేతులెత్తేశాయి. పైనుంచి కిందికి దిగే మోటారు పట్టు వదిలేసరికి, చెక్కే ఉలి బరువుగా జారి బల్లలో దిగబడింది. దీపాలు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. ఫొటో తీసి పంపాను. "హర్షణీయం" అని జవాబు వచ్చింది.

ఆ రోజే నాంచారమ్మ రెండు బస్సులు మారి, చంకకర్రల మీద వచ్చింది. బెంచీ మీద కూర్చుని చెమట తుడుచుకుంది. నేను విషయం చెప్పాను.

"అంటే, పర్మిషనిచ్చాక ఆగిపోయిందా?"

"అవునక్కా."

"మరి పర్మిషను తీసేయరాదా?"

అది ఆమెకి అర్థం కావడానికి పావు నిమిషం పట్టింది. పినాకపాణిగారికి అర్థం చేయిద్దామని నేను కూర్చుని నాలుగు పేజీల నివేదిక రాశాను, బొమ్మతో సహా. తీగ అమర్చి ఉంచుతాం, కానీ అందులో కరెంటు ఇవ్వం, అప్పుడు మీ తీగ మీకుంటుంది, మా పని మాకవుతుంది అని రాశాను. మూడో రోజున ఫోన్ చేశారు.

"మీ ప్రతిపాదన పరిశీలించబడినది. తీగ ఉన్నది, అందులో అనుమతి లేదు. అంటే ఏమిటి?"

"యంత్రం పనిచేస్తుందండి."

"అంటే అనుమతి నిరాకరించబడినట్లు. మొదట మీ యంత్రం అనుమతి అడగకుండా పనిచేసింది. అది అజ్ఞానం, క్షమిస్తాం. ఇప్పుడు నిరాకరించిన తర్వాత కూడా పనిచేస్తానంటోంది. దీన్ని ధిక్కారం అంటారు. తేడా గమనించారా?"

గమనించానండి అన్నాను. మళ్ళీ కూర్చుని ఆలోచించాను. మధ్యలో ఒక చిన్న రిలే, అంటే కరెంటుతో దానంతటదే మారే స్విచ్, పెడితే సరిపోతుంది. ఇటునుంచి అనుమతి వస్తే రిలే అటువైపు కరెంటు తీసేస్తుంది, అనుమతి లేకపోతే ఇస్తుంది. అప్పుడు ఆయన అనుమతిస్తే కదులుతుంది, అనుమతించకపోతే ఆగుతుంది. ఆయన కోరుకున్నది అదే. ఇంత తేలికైన మాట ముందే తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అలాగే రాసి పంపాను.

ఈసారి ఆయన స్వయంగా కారేసుకుని వచ్చారు. గొంతు తగ్గించి, తలుపు వేయించి మాట్లాడారు.

"గురవయ్యా, నీ మీద నాకు మంచి అభిప్రాయం ఉన్నది. కనుక ఈ కాగితం ఫైల్లో పెట్టక ముందే చెబుతున్నాను. ఆఫీసు ఒక ఉత్తర్వు ఇస్తుంది. మధ్యలో ఒకడు కూర్చుని, దాన్ని తలకిందులు చేసి, అవతలివాడికి అందజేస్తాడు. బయట దీన్ని ఏమంటారు?"

"రిలే అంటారండి."

"ఫోర్జరీ అంటారు. పైగా దళారులు లేని పాలన అని మొన్ననే సర్క్యులర్ వచ్చింది." కాగితం మడిచి నా జేబులో పెట్టారు, తండ్రిలాగా భుజం తట్టారు.

ఇంక లాభం లేదని వసుంధరాదేవిగారి గదిలోకి వెళ్ళి, "మేడమ్, నాంచారమ్మని ఇంకెక్కడికైనా పంపిద్దామా?" అని అడిగాను. ఆమె పక్క జిల్లా కేంద్రానికి ఫోన్ చేశారు. అక్కడ కాలుకి ఎనిమిది నెలల వరస ఉందన్నారు. ఫోన్ పెట్టేసి, ఇద్దరం కాసేపు గోడ మీద క్యాలెండర్ వంక చూశాం. జూన్ పన్నెండుకి పదహారు రోజులుంది.

ఈలోగా పై ఆఫీసు మా యంత్రం మీద ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. మోటార్లు మూడు కనుక ఒక్కో మోటారుకి ఒక్కో సభ్యుడు. అడ్డం వెళ్ళే మోటారుకి ఒకాయన, నిలువు వెళ్ళేదానికి ఇంకొకాయన, కిందికి దిగేదానికి పినాకపాణిగారు. మొదటి సమావేశంలోనే అడ్డం ఆయన ఒక చిక్కు లేవదీశారు. ఏటవాలుగా చెక్కవలసి వస్తే రెండు మోటార్లు కలిసి కదులుతాయి, అప్పుడు ఎవరి అనుమతి చెల్లుతుంది? దాని మీద మధ్యాహ్నం దాకా చర్చ జరిగింది. ఏటవాలుకి ఉమ్మడి సమావేశం జరపాలని తీర్మానించారు. మనిషి కాలు ఎక్కడా తిన్నగా ఉండదని నేను మనవి చేశాను. అది ఆరోగ్యశాఖ పరిధిలోని విషయమన్నారు.

తర్వాత పినాకపాణిగారు గొంతు సవరించుకున్నారు. "మన నినాదంలో అడుగు అని ఉన్నది. ఈ మోటారు వేసేది కూడా అడుగే అని సాంకేతిక సిబ్బంది లిఖితపూర్వకంగా తెలిపారు. కావున అడుగు అడుగునకూ విడివిడిగా అనుమతి ఇవ్వవలెను. ఒక మూసకు ఎన్ని అడుగులు?"

"సుమారు పదిహేడు లక్షలండి."

సభలో ఎవరూ ఉలిక్కిపడలేదు. గుమస్తా కాగితం మీద లెక్క కట్టాడు. ముగ్గురు సంతకాలు చేస్తూ పోతే రోజుకి రెండు వందల అడుగులకి అనుమతి ఇవ్వవచ్చు. ఏడాదికి మూడు వందల పనిదినాలు అనుకుంటే ఒక్క కాలుకి ఇరవై ఎనిమిదేళ్ళ చిల్లర.

"అప్పటికి నాంచారమ్మగారికి డెబ్బై మూడేళ్ళు వస్తాయండి," అన్నాను.

"వస్తాయి కదా," అన్నారు పినాకపాణిగారు ప్రసన్నంగా. "అప్పుడైనా భద్రమైన కాలు మీద నడుస్తారు."

ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే విసుక్కున్నాను. కోపం ఎవరి మీదో, విసుగు ఎవరి మీదో.

పక్షోత్సవాలని పొడిగించారు. ప్రేమ పదిహేను రోజుల్లో తీరేది కాదు కదా. ముగింపు సభ జూన్ ఆరున మా కేంద్రంలోనే పెట్టారు. ఎందుకంటే జిల్లా మొత్తంలో ఒక్క ప్రమాదం కూడా జరగని యంత్రం మాదేనని తేలింది. నిజమే మరి. ఆసుపత్రిలో రొట్టెలు కోసే కత్తి కూడా ఎవరి వేలో కోసిందట. మాది ఎవరినీ ఏమీ చేయలేదు. యంత్రానికి శాలువా కప్పి, బంతిపూల దండ వేసి, ప్రశంసాపత్రం దాని ముందు నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. "కదలకుండా కర్తవ్యం నిర్వహించిన ఈ యంత్రాన్ని సిబ్బంది ఆదర్శంగా తీసుకోవాలి," అని నిలువు మోటారు సభ్యులు ప్రసంగించారు. సిబ్బంది ఎప్పుడో తీసుకున్నారు గనక చప్పట్లు బాగా మోగాయి.

ఒంటి గంటకి అందరూ పక్క హాల్లో భోజనాలకి వెళ్ళారు. పులిహోర, గుత్తి వంకాయ, రెండు రకాల స్వీట్లు. ప్రభుత్వ భోజనం గంటన్నరకి తక్కువ కాదని నా అనుభవం. నాంచారమ్మ మూసకి యాభై నిమిషాలు చాలు.

గదిలో నేనూ, యాకోబూ మిగిలాం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాడు వెళ్ళి తలుపు దగ్గరికి వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. నేను శాలువా తీసి మడతపెట్టాను. ముందు కరెంటు ఆపాను. మూడు డ్రైవర్లకీ మూడో తీగ ఊడదీశాను, ఎంత శ్రద్ధగా పెట్టానో అంత శ్రద్ధగా. మళ్ళీ కరెంటు ఇస్తే మోటార్లు మూడూ టక్కున పట్టు బిగించాయి. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. ఫోమ్ దిమ్మ బిగించి కంప్యూటర్‌లో నాంచారమ్మ కొలత తెరిచాను. యంత్రం పదిహేడు లక్షల అడుగులూ ఎవరినీ అడక్కుండా వేసింది. అవతల స్వీటు వడ్డిస్తుండగా మూస చేతికొచ్చింది. తీగలు మళ్ళీ పెట్టాను, పొడి ఊడ్చాను, చీటీ లేకుండానే. శాలువా కప్పాను.

యాకోబు రెండు రోజుల్లో తొడుగు పోసి పాదం బిగించాడు. పదో తారీకున నాంచారమ్మ మా వరండాలో అటూ ఇటూ ఆరుసార్లు నడిచింది. మొదట గోడ పట్టుకుంది, తర్వాత వదిలేసింది. "నొప్పెడుతుందా అక్కా?" అంటే, "నొప్పా, ఎందుకు లేదు, కాలున్నాక నొప్పి ఉండదా," అని నవ్వింది. పన్నెండున బళ్ళో అన్నం, సాంబారు, కోడిగుడ్డు వండానని ఫోన్ చేసి చెప్పింది.

మేం దొరికిపోయింది యాకోబు నిజాయితీ వల్ల. కాలు ఇచ్చాం కదా, స్టాకులో ఒక పాదం తగ్గింది కదా అని, వాడు రిజిస్టర్లో "ఎనిమిది, నాంచారమ్మ, కుడికాలు ఒకటి" అని గుండ్రటి అక్షరాలతో ఎక్కించాడు. పినాకపాణిగారు అది చూసి, యంత్రం ఆగి ఉన్న రోజుల్లో కాలు ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. నేను అబద్ధం చెప్పలేదు. గదికి తాళం పడింది. నా కాంట్రాక్టు నెలాఖరుతో ఆఖరని కాగితం వచ్చింది. జాబితాలో ఇంకా పదకొండు మంది ఉన్నారు, వాళ్ళ పేర్లు తాళం లోపలి గోడ మీదే ఉండిపోయాయి.

నాంచారమ్మకి కూడా నోటీసు వెళ్ళింది. సదరు కాలుతో సహా విచారణకు హాజరు కావలెను అని.

వచ్చింది. పొద్దున్నే పిల్లలకి వండి తోడికోడలికి వడ్డన అప్పగించి, రెండు బస్సులు మారి వచ్చింది. వసుంధరాదేవిగారి గదిలో కమిటీ ముగ్గురూ ఒకవైపు, నేనూ యాకోబూ గోడ పక్కన. కుర్చీ చూపిస్తే, "పర్లేదు బాబూ, నిలబడగలను," అంది. ఆ మాట నాకు ఎంత బాగుందో చెప్పలేను.

పినాకపాణిగారు ఫైలు తెరిచారు. "చూడమ్మా. మీ మీద మాకు ఏ విధమైన కక్షా లేదు. కానీ ఈ కాలు అనుమతి లేని యంత్రం మీద తయారు చేయబడినది. కాబట్టి క్రమబద్ధీకరణ పూర్తయ్యే వరకు దీన్ని విప్పి మా స్టోరులో జమ చేయవలెను. రసీదు ఇస్తాం."

"ఎన్నాళ్ళు బాబూ?"

"ఇరవై తొమ్మిదేళ్ళకు మించదు. ఈ కాలుకి అనుమతి లేదని మీకు తెలుసునా, లేదా? అది చెప్పండి, నమోదు చేయాలి."

నాంచారమ్మ ముగ్గురి వంకా చూసింది. కోపంగా కాదు, అన్నం కోసం వరసలో తోసుకునే పిల్లల వంక చూసినట్టు చూసింది.

"నాకు తెల్దు బాబూ," అంది. "నా సొంత కాలు పోయిందే, అది పోయేటప్పుడు మీ పర్మిషను అడిగిందా?"

స్టెనో కలం పట్టుకుని, "ఇది రాయమంటారా సార్?" అన్నాడు. పినాకపాణిగారు ఫైలు పేజీలు తిరగేశారు.

"ఒంటి గంట బస్సుంది, రేపటికి పప్పు నానెయ్యాలి, వస్తాను తమ్ముడూ," అని నాకు చెప్పి ఆమె తలుపు వైపు నడిచింది. ఆపమని అటెండర్‌కి ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఉత్తర్వు లేనిదే మా అటెండర్ ఒక్క అడుగు వేయడు, ఆ నెలరోజులూ అందరం కలిసి నేర్పిందే అది. వరండాలో ఆమె అడుగుల చప్పుడు గేటు దాకా వినిపించింది.

పినాకపాణిగారు సమావేశం మినిట్స్ చెప్పడం మొదలుపెట్టారు, స్టెనో రాసుకున్నాడు. "సదరు కాలు విచారణకు హాజరైనది. అనంతరం, ఎట్టి అనుమతి లేకుండా, సమావేశం నుండి నడిచి వెళ్ళిపోయినది."

సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు. పూర్తి పేరుతో పెట్టాను. ఆ పదకొండేళ్ళలో నేను సంతకం పెట్టిన కాగితాల్లో ముక్క ముక్కా నిజమైనది అదొక్కటే.